చిల్లు పడిన గవ్వకే గిరాకీ
సముద్రపు సరుకుతో నగలల్లే చేతులకు గుర్తింపు కరవు

విశాఖపట్నం: జేబు ఖాళీ అయినవాడు 'చేతిలో చిల్లిగవ్వ లేదు' అంటాడు. ఒకనాడు గవ్వే డబ్బు. మాల్దీవుల సముద్రంలో దొరికే చిన్న పసుపు గవ్వలు ఓడలకెక్కి బెంగాలు రేవుల్లో దిగేవి. అక్కడి సంతల్లో పంతొమ్మిదో శతాబ్దం మొదటి రోజుల వరకు ఉప్పూ పప్పూ వాటితోనే కొనేవారు. ఆ గవ్వకు చిల్లు కూడా పడితే ఇక దాని విలువ ఎంతో మన సామెతే చెబుతోంది.

విశాఖ సాగరతీరంలో మాత్రం ఈ లెక్క తలకిందులు. చిల్లు లేని గవ్వను పిల్లలు ఇసుకలో ఉత్తినే ఏరుకుంటారు. చిల్లు పడిన గవ్వకే ధర పలుకుతుంది. ఆ చిల్లు వేయడానికే పనివాళ్ల కళ్లు, వేళ్లు అరిగిపోతున్నాయి.

రామకృష్ణా బీచిలో జలాంతర్గామి మ్యూజియం పరిసరాలు, రుషికొండ, భీమునిపట్నం తీరాల్లో గవ్వల దండలు, శంఖాలు, చిప్పల జూకాలు పరిచిన బల్లలు కనిపిస్తాయి. యాత్రికులు ఆగుతారు, ఒక దండ తీసి మెడకు ఆనించుకుని చూసుకుంటారు, ధర అడుగుతారు. 'ఇసుకలో దొరికేదానికి ఇంత డబ్బా' అని సగం మంది పెట్టేసి పోతారు. ఇసుకలో దొరికింది దండగా మారేలోపు ఎన్ని చేతులు మారుతుందో, ఎంత పని పడుతుందో వారికి తెలియదు. తప్పు వారిది కూడా కాదు. చెప్పినవారు ఎవరున్నారు?

సరుకు ఎక్కడిది?

విశాఖలో అమ్మే గవ్వలన్నీ విశాఖ సముద్రంలోవే అనుకుంటే పొరపాటు. ఇక్కడి ఒడ్డున అలలు తెచ్చి పడేసేవి చాలావరకు అరిగినవి, అంచులు విరిగినవి. మరపడవల వలల్లో చేపలతోపాటు అడుగునుంచి కొన్ని గుల్లలు వస్తాయి. ఫిషింగ్ హార్బరులో వల దులిపేటప్పుడు వాటిని వేరుచేసి ఇచ్చేవారున్నారు. కానీ మేలిరకం శంఖాలకు, నిగనిగలాడే గవ్వలకు ఆధారం తమిళనాడు తీరమే. రామేశ్వరం, తూత్తుకుడి, కన్యాకుమారి వైపునుంచి గోనె సంచుల్లో సరుకు దిగుతుంది. కొంత బెజ్జాలు వేసి, దండ గుచ్చి, అమ్మకానికి సిద్ధంగానే వస్తుంది. మిగిలినదానికి ఇక్కడి ఇళ్లలో పని జరుగుతుంది.

కనుక బల్లమీద కూర్చున్నామె చాలాసార్లు గొలుసులో చివరి లంకె మాత్రమే. ముడిసరుకు ధర ఆమె చేతిలో లేదు. దారిలో విరిగితే ఆ నష్టం ఆమెదే. వాన పడితే, తుపాను హెచ్చరిక వస్తే ఆ రోజు బేరం పోయినట్లే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటినప్పుడు బీచి రోడ్డు ఎలా ఉందో చూసినవారెవరూ మరచిపోరు. 2020లో కరోనా వచ్చి తీరాన్నే మూసేసింది. కార్తీక మాసం వనభోజనాలు, సంక్రాంతి, వేసవి సెలవులు. ఏడాది తిండి ఈ మూడు కారుల మీదే.

బెజ్జంలోనే ఉంది పనితనం

గవ్వ లోపల జీవి చచ్చి ఎండిపోయి ఉంటే వాసన ఇల్లు పట్టనివ్వదు. అందుకని సరుకును ముందు ఇసుకలో పాతిపెడతారు, లేదా నీళ్లలో నానబెట్టి, కుళ్లిన మాంసం వదిలేదాకా రోజూ నీళ్లు మారుస్తారు. తర్వాత ఎండబెట్టి, కుంచెతో రుద్ది, నాచు, సున్నపు పెచ్చులు గీకేస్తారు. పైపొర మొండిగా ఉన్న గుల్లలను బాగా పలచన చేసిన యాసిడ్‌లో ముంచి వెంటనే తీస్తారు. గుల్ల అంటే సున్నపురాయిలాంటి పదార్థమే కదా, యాసిడ్ తగలగానే బుసబుస నురగ లేస్తుంది. రెండు క్షణాలు ఎక్కువైతే పైమురికితోపాటు మెరుపూ పోతుంది, మరికాస్త ఆగితే అంచు కరిగి గుల్ల పలచబడుతుంది. ఈ పని పెరట్లో, గాలి వచ్చేచోట, చేతులకు రబ్బరు తొడుగులతో చేయాలి. చాలాచోట్ల తొడుగులు కనిపించవు. వేళ్ల సందుల్లో పుండ్లు కనిపిస్తాయి.

ఆ తర్వాత బెజ్జం. పూర్వం వడ్రంగుల బరమాలాంటిదే వాడేవారు. ఇప్పుడు కరెంటుతో తిరిగే చిన్న డ్రిల్లులు వచ్చాయి. గవ్వ వీపు గుండ్రన, సూది మొన జారుతుంది. అందుకని ముందు ఆకురాయితో ఒక గాటు పెట్టి, ఆ గాటులో మొన నిలిపి, చేయి బరువు వేయకుండా తిప్పాలి. తొందరపడితే బెజ్జం చుట్టూ పెంకు లేచిపోతుంది. చిప్పల విషయంలో మరీ జాగ్రత్త కావాలి. అవి పొరలు పొరలుగా ఉంటాయి. ఒకవైపునుంచి సగం, తిప్పి రెండోవైపునుంచి సగం వేస్తే గాని రెండు ముఖాలూ నున్నగా రావు. జత జూకాలకు రెండు బెజ్జాలూ ఒకే ఎత్తులో పడాలి. లేకపోతే చెవికి పెట్టుకున్నప్పుడు ఒకటి తూర్పు, ఒకటి పడమర చూస్తాయి.

నీళ్లు చిలకరిస్తూ బెజ్జం వేయడం ఈ పనిలో మొదటి పాఠం. నీరు మొన వేడిని తగ్గిస్తుంది. అంతకంటే ముఖ్యం, లేచే పొడిని అణిచేస్తుంది. గుల్ల పొడి కంటికి పిండిలా కనిపించినా ఊపిరితిత్తుల్లో చేరితే మంచిది కాదు. ముక్కుకు గుడ్డ కట్టుకోవాలని అందరికీ తెలుసు. ఉక్కబోతలో, రేకుల కింద కూర్చుని, రోజల్లా గుడ్డ కట్టుకోవడం ఎంతమందికి సాధ్యం? పైగా కరెంటు డ్రిల్లు దగ్గర నీళ్లంటే షాకు భయం. పొడిగా చేస్తే దగ్గు, తడిగా చేస్తే షాకు అన్నట్లుంది పరిస్థితి. పళ్లెంలో నీళ్లు పోసి గుల్లను మాత్రమే తడుపుతూ, మిషనుకు నీరు తగలకుండా పనిచేసే పద్ధతి ఉంది. ఎవరో ఒకరు కూర్చోబెట్టి నేర్పితే వచ్చేదే.

గుచ్చడానికి వల అల్లే నైలాను దారం దొడ్డిది. తీరం ఇళ్లలో దానికి కొదవ లేదు. ముడి వేయడం వలల దగ్గర పెరిగిన ఆడపిల్లలకు ఒకరు నేర్పనక్కరలేదు. దండలో పెద్ద గవ్వ నడుమకు, చిన్నవి అటూ ఇటూ. మధ్యమధ్య కొబ్బరి చిప్ప బిళ్లలు, చెక్కపూసలు వేస్తే బరువు తగ్గుతుంది, అందం పెరుగుతుంది.

మెరిసే చిప్ప, మెరవని గవ్వ

గవ్వ నున్నగా పింగాణీలా ఉంటుంది. దానిలో ఇంద్రధనుస్సు రంగులు ఉండవు. శంఖమూ అంతే. రంగులు మారుతూ మెరిసేది ముత్యపుచిప్ప లోపలి పొర. ముత్యాన్ని కట్టే పదార్థమే చిప్ప లోపలి గోడకూ పూత పూస్తుంది. అందుకే ముత్యం కొనలేనివారికి చిప్ప ముక్కే ముత్యం. చెరువుల్లో దొరికే మంచినీటి ఆలుచిప్పకు కూడా ఆ మెరుపు ఉంది. దాన్ని ఆకురాయితో ఆకులా, చేపలా, నెలవంకలా అరగదీసి బిళ్లలు చేస్తారు.

మన దేశంలో సముద్రపు ముత్యాన్ని మనిషి చేతితో పండించింది 1973లో, తూత్తుకుడి దగ్గర. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ శాస్త్రవేత్త కె. అళగర్‌స్వామి ఆ పని సాధించారు. జపానులో మికిమోటో అంతకు ఎనభై ఏళ్ల ముందే, 1893లో, ఆ దారి వేశాడు. హైదరాబాదు ముత్యాలంటే లోకమంతా చెప్పుకుంటుంది గానీ హైదరాబాదుకు సముద్రమే లేదు. నిజాముల నాటి మేలిముత్యాలు పర్షియన్ గల్ఫు నుంచి వచ్చినవి. అక్కడా బెజ్జం వేసి గుచ్చే పనితనమే ఆ నగరానికి పేరు తెచ్చింది.

మంగళసూత్రంలో నల్లపూసల పక్కన వేసే పగడం కూడా మన తీరంలో దొరికేది కాదు. ఎర్ర పగడం మధ్యధరా సముద్రపు సొత్తు. ఇటలీలోని టొర్రె డెల్ గ్రెకో అనే ఊరు దాన్ని చెక్కడంలో పేరు మోసింది. సముద్రపు నగ ఎప్పుడూ దూర ప్రయాణమే చేస్తుంది.

శంఖం పేరుతో మోసం

శంఖాన్ని కోసి గాజులు చేయడం మన దేశంలో హరప్పా నాటి నుంచి ఉంది. గుజరాతు తీరంలోని నాగేశ్వర్ దగ్గర ఆ కాలపు శంఖు గాజుల పనిచోటు తవ్వకాల్లో బయటపడింది. ఈనాటికీ బెంగాలులో పెళ్లికూతురి చేతికి తెల్లని శంఖు గాజులు ఉండి తీరాలి. తూత్తుకుడి సముద్రంలో మునిగి తీసిన శంఖాలు బెంగాలుకు వెళ్లి బిష్ణుపూరు, కలకత్తా పనివాళ్ల చేతుల్లో గాజులవుతాయి. పూర్వం అర్ధచంద్రాకారపు పెద్ద రంపంతో, శంఖాన్ని పాదాలతో అదిమిపెట్టి కోసేవారు. ఒక శంఖంలో కొద్ది గాజులే వస్తాయి, మిగతాది ఉంగరాలకు, పూసలకు పోతుంది.

మన ఊళ్లలో శంఖం దేవుడి గదికి చేరుతుంది. అక్కడే మోసం కూడా చేరుతోంది. మామూలు శంఖం నోరు ఒకవైపుకు తెరుచుకుంటుంది. లక్షల్లో ఒకటి దానికి ఎదురుచుట్టుతో పుడుతుంది. దాన్నే దక్షిణావర్త శంఖం, వలంపురి అంటారు. ఇంట్లో ఉంటే లక్ష్మి నిలుస్తుందన్న నమ్మకంతో దానికి విపరీతమైన ధర చెబుతారు. అయితే అమెరికా తీరంలో దొరికే ఒక గుల్లజాతికి పుట్టుకతోనే ఎదురుచుట్టు ఉంది. అది అక్కడ అరుదు కాదు. దానికి మెరుగు పెట్టి వలంపురి అని అంటగడుతున్నారు. తేడా కనిపెట్టడం కష్టం కాదు. అసలు శంఖం నోట్లోకి తొంగిచూస్తే నడిమి కంబం మీద మూడు నాలుగు మడతలు వరసగా కనిపిస్తాయి. పరదేశపు గుల్లలో ఆ మడతలుండవు, కంబం నున్నగా ఉంటుంది. అప్పు చేసి శంఖం కొనబోయేవారు ముందు ఈ ఒక్కటి చూసుకుంటే చాలు.

ప్లాస్టిక్ గవ్వలు కూడా వచ్చాయి. అనుమానముంటే వెనకవైపు, కనిపించనిచోట, ఒక్క చుక్క నిమ్మరసం వేసి చూడాలి. అసలు గుల్ల అయితే సన్నగా నురగ లేస్తుంది. వెంటనే కడిగేయాలి. అదే కారణం చేత ముత్యాలను, చిప్పల నగలను చింతపండుతో తోమకూడదు. వెండి గిన్నెకు తెలుపు తెచ్చే పులుపు ముత్యానికి మెరుపు తీసేస్తుంది. తడిగుడ్డతో తుడిచి, నీడన ఆరబెట్టడమే వాటికి చేయవలసిన సేవ.

చట్టం ఏమంటుంది?

అమ్మేవారిలో చాలామందికి తెలియని విషయం మరొకటుంది. సముద్రంలో దొరికిందల్లా అమ్మడానికి వీల్లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం జాబితాల్లోకి 2001లో కొన్ని గుల్లజాతులు, దిబ్బలు కట్టే పగడపు పురుగులు, సముద్రపు విసనకర్రలు, సముద్రపు గుర్రాలు చేరాయి. రాక్షస ఆలుచిప్పలు, ట్రైటన్ అనే పెద్ద బాకా శంఖం, అరలరల నాటిలస్ గుల్ల, అండమాను నుంచి గుండీల పరిశ్రమకు వెళ్లే ట్రోకస్, కాకినాడ అఖాతంలో ఒకప్పుడు విరివిగా దొరికిన అద్దపు చిప్ప ఇందులోవే. 2022 సవరణతో జాబితాల అంకెలు మారాయి. తాబేలు డిప్పతో దువ్వెన, గాజు చేయడం ఎప్పటినుంచో నేరమే. మన తీరంలో గుడ్లు పెట్టే తాబేళ్లు కూడా ఆ రక్షణ కిందే ఉన్నాయి.

మామూలు గవ్వల దండకు ఈ భయం లేదు. చిక్కల్లా ఎక్కడంటే, సంచిలో కలిసివచ్చిన సరుకులో నిషిద్ధమైనది ఏదో చూసి చెప్పగల మనిషి సంతలో లేడు. పెద్ద వ్యాపారి కాగితాలు చూపించి తప్పుకుంటాడు. బల్లమీద దొరికినామె సరుకు పోగొట్టుకుని ఏడుస్తుంది. బొమ్మలతో ఒక పలక రాయించి తీరంలో నాలుగుచోట్ల పెడితే తీరే బాధ ఇది. కొనేవారికీ మేలే.

చట్టం సంగతి అటుంచినా, గవ్వ కోసం బతికున్న జీవిని తీయడం, తెచ్చేవారికే నష్టం. గుడ్లు పెట్టే వయసులో తీసేస్తే వచ్చే ఏటికి పంట ఉండదు. ఒడ్డున పడిన ఖాళీ గుల్లలో కూడా ఒక చిన్న పీత కాపురముంటుంది, దాని ఒంటికి సొంత డిప్ప లేదు. దండలకు పోయేదానికంటే సున్నం బట్టీలకు పోయే గుల్ల ఎన్నో రెట్లు ఎక్కువ. ఆ మాట మాత్రం ఎవరూ ఎత్తరు.

చెట్టునుంచి వచ్చే పూస

సముద్రం ఇచ్చే సరుకు తగ్గుతున్న కొద్దీ నగలల్లేవారు చెట్టు వైపు చూస్తున్నారు. ఇందుకు దూరం పోనక్కరలేదు. వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక ఉంది. 2022లో జిల్లాలు విడిపోయి అది అనకాపల్లి జిల్లాకు వెళ్లింది గానీ లక్కబొమ్మల పేరు చెబితే ఈ ప్రాంతమంతా తనదే అంటుంది. అంకుడు కర్రను తరిణె మీద తిప్పుతూ లక్క కడ్డీని ఆనిస్తే రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది. దానిమీద మొగలి ఆకుతో రుద్దితే అద్దంలా నిగారింపు వస్తుంది. పసుపు, జాఫ్రా గింజలు, నీలిమందు వంటి ప్రకృతి రంగులను ఈ కళలోకి మళ్లీ తెచ్చిన సి.వి. రాజుకు 2023లో పద్మశ్రీ వచ్చింది. ఈ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు దక్కింది. బొమ్మలతోపాటు అక్కడ గాజులు, పూసలు, జూకాలు కూడా తయారవుతున్నాయి. గవ్వ పక్కన ఏటికొప్పాక ఎర్రపూస గుచ్చితే ఏ పట్నపు నగకూ తీసిపోదు.

గింజల్లో గురివిందకు ఎప్పుడూ మోజే. ఎరుపు నలుపుల ఆ గింజ కంసాలి త్రాసులో తూనికరాయిగా పనిచేసింది. కానీ అది విషం. పెంకు గట్టిగా ఉన్నంతవరకు పరవాలేదు గాని, బెజ్జం వేసిన గింజను పసిపిల్లలు నోట పెట్టి నమిలితే ప్రాణం మీదికి వస్తుంది. పిల్లల మెడలో గురివింద దండ వేయకపోవడమే మంచిది.

జాబితాలో లేని వృత్తి

కేంద్ర ప్రభుత్వం 2023 సెప్టెంబరు 17న చేతివృత్తులవారి కోసం విశ్వకర్మ పథకం ప్రారంభించింది. 18 వృత్తులను అందులో చేర్చారు. కంసాలి ఉన్నాడు, పూలదండలు కట్టేవారున్నారు, బొమ్మలు చేసేవారున్నారు, చేపల వలలు అల్లేవారున్నారు. గవ్వలు, చిప్పలతో నగలు చేసేవారు లేరు. వల అల్లే చేతులే సాయంత్రం గవ్వలు గుచ్చుతాయి. మొదటి పనికి పథకం ఉంది, రెండో పనికి లేదు.

కేంద్ర హస్తకళల విభాగం ఇచ్చే 'పహచాన్' కార్డు ఉంటే సంతల్లో, ప్రదర్శనల్లో దుకాణం పెట్టుకోవడానికి దారి దొరుకుతుంది. ఆ కార్డు కావాలంటే పని చేసి చూపించాలి. బెజ్జం వేసి, అరగదీసి, అల్లే ఆమెకు అది కష్టం కాదు. కార్డు ఒకటుందని చెప్పేవారు కావాలి. డ్వాక్రా సంఘాల ద్వారా మిషను, చేతి తొడుగులు, ముక్కు గుడ్డలు కలిపి ఇప్పిస్తే దగ్గుతోపాటు దళారి బెడదా కొంత తగ్గుతుంది. ముడిసరుకు నలుగురు కలిసి తెప్పించుకుంటే విరిగిన సరుకు నష్టం ఒక్కరి మీద పడదు.

పొద్దుగూకే వేళ బేరాలు పలచబడితే బల్లల దగ్గర కూర్చున్న ఆడవాళ్లు చేతులు ముడుచుకోరు. ఒడిలో పళ్లెం పెట్టుకుని, ఆ రోజు విరిగిన గవ్వలు ఏరి రంగులవారీగా పోగులు పెడతారు. తెల్లవి ఒకవైపు, గోధుమ మచ్చలవి మరొకవైపు. దండకు పనికిరాని ఆ ముక్కలు అద్దాల చట్రాల చుట్టూ, దేవుడి పటాల అంచులకు అంటుకుంటాయి. మరీ నలిగిన పిండి లాంటిది మాత్రం లేస్తూ కొంగు దులిపితే తిరిగి ఇసుకలోకే పోతుంది.